పాఠకుణ్ణి అడగడం నేర్పే విద్య

సాహిత్యం మనుషుల్లో ఏం మారుస్తుందో విమర్శకుడి ఊహకు వదలక, పాఠకులనే అడిగి తేల్చే పద్ధతిని అనుభవమూలక సాహిత్య అధ్యయనం అంటారు; కవుల పేర్లు తీసేసిన కవితలను కేంబ్రిడ్జి విద్యార్థులకిచ్చి, వారి వ్యాఖ్యలను 1929లో గ్రంథస్థం చేసిన ఐ.ఎ. రిచర్డ్స్ దీనికి దారి వేశాడు. అయినా ఇందులో నిజంగా మెచ్చుకోదగినది సిద్ధాంతం కాదు, కొత్త పరిశోధకులకు ప్రశ్న అడగడం నేర్పే గురువుల ఓపిక. కథ కదిలించిందా అని అడిగితే ఎవరైనా మర్యాదకు అవుననే అంటారు (ఈ మర్యాదే ఇలాంటి అధ్యయనాలకు పెద్ద బెడద). ఎక్కడ ఆగి వెనక్కి వెళ్లి చదివారో అక్కడ పెన్సిలుతో గీత గీయమంటే, ఆ గీత దాపరికం లేకుండా చెబుతుంది.

కర్ణాటక సరిహద్దు దగ్గర తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి వినిపించే తాండూరులోనూ, ఇటు వికారాబాదులోనూ ఈ విద్యకు మంచి పరీక్ష ఎదురవుతుంది. పాఠకుడు ఏ భాషలో బడి చదివాడన్నది మొదటి ప్రశ్న కావాలి. నాపరాళ్ల పాలిషింగ్ కార్మికుణ్ణి పని దిగాక, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందిని పండించే రైతును కోతలు లేని రోజుల్లో కలవాలి. చదవడం రాక కథ విన్నవారి జవాబులను వేరే కట్టగా ఉంచాలన్న జాగ్రత్త కూడా అక్కడే అలవడుతుంది.