కన్యాశుల్కము, వరవిక్రయము: చలనచిత్రరూపములు

నాటకము చలనచిత్రమైనపుడు ఏ రంగము విడిచిరి, ఏ పాట చేర్చిరి యని లెక్కించుట మన విమర్శకులకు పరిపాటి. ఆ లెక్క యవసరమే. కాని నాటకకర్త పరిహసించిన దురాచారము చిత్రమును చూచువారి యిండ్లలో నింకను బ్రదికియున్నదా యను ప్రశ్న తేలనిదే ఆ లెక్కకు అర్థము కుదురదు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో పెంపొందిన రూపమున మరల వెలువడినది. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన కన్యాశుల్కవివాహములు 1,034 అని అప్పారావుగారు తొలికూర్పు పీఠికలో తెలిపిరి. వధువులలో అయిదేండ్లవారు 99 మంది. ఏడాది శిశువులు సయితము ముగ్గురు! ఇట్టి దేశకాలములందు ప్రేక్షకునకు దురాచారముయొక్క క్రౌర్యమును వేరుగ బోధింపనక్కరలేదు. అందుచేతనే కవి నిశ్చింతగా నవ్వగలిగెను. సుబ్బి యేడ్పును విస్తరింపక, కరటకశాస్త్రి శిష్యుడగు మహేశమునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు పెండ్లిచేయించెను. సొమ్ముపోసి కొన్న వధువు మగపిల్లవాడగుట కంటె ఆ బేరమునకు వేరు ఖండన మేమి కావలయును?

పి. పుల్లయ్యగారి చిత్రము 1955లో వచ్చినది. తొలికూర్పునకు దానికిని నడుమ 58 సంవత్సరములు. అప్పటికి కన్యాశుల్కము చాలవరకు అంతరించి వరశుల్కము రాజ్యమేలుచున్నది. చిత్రకారులు అప్పారావుగారిదే యగు పూర్ణమ్మకథను తెచ్చి యిందు గేయముగా చొప్పించిరి. మరచిపోయిన బాధను ప్రేక్షకునకు జ్ఞప్తిచేయుటకే యిట్లు చేసిరని నా యూహ. కారణము సమంజసమే, ఫలితము మాత్రము నాకు రుచింపలేదు. ముదుసలికి అమ్ముడుపోయిన పూర్ణమ్మ కొలనుపాలగును. సుబ్బి కపటవివాహముచే రక్షింపబడును. ఒకే కవి యొకే దురాచారమును రెండు విరుద్ధమార్గముల నెదుర్కొనగా, రెంటిని ఒకచోట కుట్టుటవలన పూర్ణమ్మ శోకమునకు కొరత రాలేదు గాని మహేశము వేషము వట్టి వినోదముగా దిగజారినది.

కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయమునకు ఈ చిక్కు లేకపోయెను. నాటకము పుట్టిన యిరువదియేండ్లలోపుననే, 1939లో, సి. పుల్లయ్యగారు దానిని తెరకెక్కించిరి. (ఇరువురును పుల్లయ్యలే; పాఠకులు పొరబడకుందురుగాక.) వరకట్నము నాడు ఇంటింట నున్నది, దానిని నిషేధించు శాసనమే 1961లో గాని రాలేదు. పైగా కాళింది ప్రాణత్యాగము నాటకమునందే కలదు గనుక శోకమును వెలినుండి ఎరువు తేనక్కరలేదు. భానుమతిగారు కాళిందిగా తొలిసారి తెరపై కనబడిరి. సింగరాజు లింగరాజు వేషము బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారిది. నాటకకర్తయు నటుడునగు నాయనకు పిసినారి పలుకుల కాకువు కొత్తగాదు. హాస్యమునకు కన్యాశుల్కమంత లోతు లేకున్నను, శోకము పక్కన నిలుచుటకు అది వెనుకాడదు. కాళింది పోయినపిదప కమల చేయు ప్రతీకారము ఆ రెంటిని కలుపును.

బాపట్ల, తెనాలి, పిట్టలవానిపాలెము ప్రాంతములవారికి ఈ చర్చ పరాయిది కాదు. రంగస్థలమున మధురవాణిగా వెలసిన స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లయందే జన్మించిరి. నాటకాంతమున మధురవాణి పురుషవేషమున సౌజన్యారావు నింటికి పోవును. పురుషుడు స్త్రీయై, ఆ స్త్రీ మరల పురుషుడగు చమత్కారము స్థానమువారి ప్రదర్శనమునకే చెల్లినది. తెరమీద మధురవాణి సావిత్రిగారు. వారి నటనమునందు లోపమెన్నను గాని, వేషముపై వేషమను ఆ నవ్వు స్త్రీపాత్రకు స్త్రీయే వచ్చినపుడు మాయమగుట తప్పదు. లుబ్ధావధానులైన గోవిందరాజుల సుబ్బారావుగారు తెనాలి నాటకరంగమున పేరుగన్నవారు.

నేడు పెక్కుమంది విద్యార్థులకు కన్యాశుల్కముతో తొలిపరిచయము ఆ చిత్రమే. పూర్ణమ్మ యే యంకమున వచ్చునని వారడుగుట సహజము. చిత్రమును చూపు పండితులు 1909 నాటి కూర్పును ముందుగా చదివించి, పూర్ణమ్మను మరియొకదినమున వేరు పాఠముగా చెప్పుట మేలు.