దించేటప్పటి రీడింగు

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో స్ప్రింగు ప్రయోగం ఒకటుంది. స్టాండుకు స్ప్రింగు వేలాడదీసి, యాభై గ్రాముల బిళ్లలు ఒక్కొక్కటే వేస్తూ స్కేలు మీద ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. అక్కడితో అయిపోదు. వేసిన బిళ్లలు ఒక్కొక్కటే తీస్తూ మళ్లీ రీడింగులు రాయాలి. రెండింటి సగటే లెక్కలోకి వస్తుంది. పిల్లలు ఎక్కించేటప్పటి గడి శ్రద్ధగా నింపుతారు, దించేటప్పటిది ఊహించి నింపేస్తారు. ఇరవై ఆరేళ్లు లెక్చరరుగా చేసినవాణ్ణి, ఆ దొంగ అంకెలు చూడగానే పట్టేసేవాణ్ణి. "దించకుండానే రాశావేంట్రా?" అంటే తల దించుకునేవాళ్లు.

అదే పిల్లల నెత్తిన మా రెసిడెన్షియల్ కాలేజీ, అందులో భాగంగా నేనూ, పెట్టిన బరువు ఎప్పుడు దించామో ఏ రికార్డులోనూ లేదు.

ఒత్తిడికి ఇప్పుడందరూ వాడే 'స్ట్రెస్' మా సబ్జెక్టు వాళ్ల మాటే. తీగను లాగితే లోపల పుట్టే ఎదురుబలాన్ని తీగ అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది స్ట్రెస్, తెలుగు అకాడమీ పుస్తకాల్లో ప్రతిబలం. ఆ లాగుడుకు తీగ తన అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందన్నది స్ట్రెయిన్, అంటే వికృతి. 1936లో మాంట్రియల్‌లో పనిచేస్తున్న హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 'నేచర్' పత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. ఎలుకల్ని చలిలో పెట్టినా, గాయపరిచినా, అలసిపోయేదాకా పరుగెత్తించినా, మందులిచ్చినా వాటి ఒంట్లో ఒకే రకం మార్పులు వస్తున్నాయని దాని సారాంశం. మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతున్నాయి, కడుపులో పుండ్లు పడుతున్నాయి. ఈ స్థితికే తర్వాత ఆయన స్ట్రెస్ అని పేరు పెట్టాడు. తనకు ఇంగ్లిష్ ఇంకాస్త బాగా వచ్చి ఉంటే స్ట్రెయిన్ అనేవాణ్ణని చాలాకాలం తర్వాత చెప్పుకున్నాడట.

నాకైతే ఆ పొరపాటు ఇప్పటికీ మన ఇళ్లలో సాగుతోందనిపిస్తుంది. పిల్లాడు నీరసంగా కనిపిస్తే బరువు ఎంతో అడుగుతాం గాని వాడెంత సాగిపోయాడో చూడం. "మేం వీధిదీపం కింద చదవలేదా?" అంటాం. ఒకే బరువుకు లావు తీగ, సన్న తీగ ఒకేలా సాగవని ఎనిమిది మార్కుల జవాబు రాసి పాసైనవాళ్లమే ఆ మాటంటాం.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఎంపీసీ, హాస్టలరు. శనివారం రాత్రి వచ్చేసరికి వాడికి కడుపునొప్పి. వార్డెను నాటకమన్నాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. నేను స్టడీ అవర్ డ్యూటీలో ఉన్న ఒక రాత్రి మెట్ల మీద కూర్చోబెట్టి, "వీకెండ్ టెస్టంటే భయమా?" అని అడిగాను.

"టెస్టుకి కాదు సార్. ఆదివారం పొద్దున రాస్తామా, మధ్యాహ్నానికి ఓఎంఆర్‌లు స్కానైపోతాయి. ఐదింటికి లిస్టు, ఆరింటికి నాన్న ఫోను. మధ్యలో గంటే సార్."

వాడి నోట్సు ఆఖరి పేజీలో పెన్సిలుతో వేసుకున్న లెక్క ఒకటి ఉంది. లక్షన్నర అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు మూడు వేలు, రోజుకు వంద. తండ్రి కౌలు రైతు. తను హాస్టల్లో నిద్రలేచిన ప్రతి పొద్దునా ఇంటికి వంద రూపాయలు ఖర్చని వాడికి తెలుసు. భ్రమణ చలనం కష్టంగా ఉందని వాడు ఏనాడూ అనలేదు. మేం సిలబసే బరువనుకున్నాం. అసలు బిళ్ల ఆ ఆఖరి పేజీలో ఉంది.

పరీక్ష ముందు గుండె దడదడలాడటం జబ్బు కాదు. అడ్రినలిన్ ఎక్కి చూపు, చెవి చురుగ్గా అవుతాయి. ఆ వెనకే కార్టిసాల్ చేరి రక్తంలో చక్కెర పెంచుతుంది, పని గట్టెక్కిస్తుంది. పనయ్యాక రెండూ దిగిపోవాలి. ఆ దిగడానికి వ్యవధి లేనప్పుడే నిద్ర చెడుతుంది, అన్నం సయించదు, చదివింది నిలవదు, అయినదానికీ కానిదానికీ కోపం వస్తుంది. పైగా ఈడొచ్చే పిల్లల్లో నిద్ర తెచ్చే మెలటోనిన్ చిన్నపిల్లల కంటే రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. త్వరగా పడుకోమన్నా పట్టదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులంటారు. మా దగ్గర స్టడీ అవర్ రాత్రి పదిన్నర దాకా, బెల్లు పొద్దున ఐదింటికి. ఆ బెల్లు కొట్టించినవాళ్లలో నేనూ ఉన్నాను. (ఇంత చెప్పాక కూడా "అంతా ఆ సెల్‌ఫోన్ల వల్లేనండీ" అనేవాళ్లుంటారు. మా హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లే ఉండేవి కావు.)

తీగలూ అలసిపోతాయి. 1865లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, దాన్ని పరీక్షించి చూశాడు. ఒక తీగను మెలితిప్పి రోజుల తరబడి ఊగనిచ్చాడు. రెండోదాన్ని కొలిచేటప్పుడు మాత్రమే ఊపాడు. ఎడతెరిపి లేకుండా ఊగిన తీగ ఊపు తొందరగా చచ్చిపోయింది. విశ్రాంతి ఇస్తే తీగ మళ్లీ తేరుకుంటుంది. రెండు మార్కుల ప్రశ్న ఇది. ఆదివారం కూడా పరీక్ష పెట్టే కాలేజీలో నిలబడి ఏటా ఈ పాఠం చెప్పాను. ఒక్క పిల్లాడూ నవ్వలేదు, నాకూ తట్టలేదు.

ఆ కుర్రాడి తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. నా డ్యూటీ ఉన్న రాత్రి పది నిమిషాలు పుస్తకాలు మూయించి డాబా మీదికి తీసుకెళ్లేవాణ్ణి. చదువు మాటెత్తకూడదు, అంతే షరతు. క్రికెట్, ఊళ్లో జాతర, వార్డెను నడక, ఏదైనా. ప్రిన్సిపాల్ గారికి తెలిసి, "మాస్టారూ, నలభై మందికి పది నిమిషాలంటే నాలుగు వందల నిమిషాలు" అని లెక్క చెప్పారు. కొన్నాళ్లు మానేశాను, మళ్లీ మొదలుపెట్టాను. గొప్ప చెప్పుకోవడానికేం లేదు. ఆ ఏడు కూడా క్లాసులో ర్యాంకులు పైకి చదివింది నేనే, కింది సెక్షనుకు మారేవాళ్ల పేర్లతో సహా.

మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడదీయొద్దని, వందమంది ఉన్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని 2025 జులై 25న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయిది. మీ పిల్లల కాలేజీలో ఆ కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో అడగండి. ఫీజు కట్టేటప్పుడే అడగండి.

రెండు వారాలుగా పిల్లలు నిద్రపోకపోయినా, ఇష్టమైనవి వదిలేసినా, తాము లేకపోతే మీకు హాయి అన్నట్టు మాట్లాడినా ఆగొద్దు. మానసిక సాయం అందించే టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఇక ఈ ఆదివారం ఆరింటికి హాస్టలుకు ఫోన్ చేసేవాళ్లకు ఒక మాట. ఈ ఒక్కసారికి ర్యాంకు అడక్కండి. ఏం తిన్నాడో, రాత్రి ఎన్నింటికి నిద్రపట్టిందో, పక్క మంచం కుర్రాడు ఎలా ఉన్నాడో అడగండి. ర్యాంకు వచ్చే వారం అడుగుదురు గాని.