పిండిమరలో ‘నైస్’

అనువాదంలో పెద్ద మాట ఎదురైతే వెంటనే నిఘంటువు తీస్తాను. ‘నైస్’ లాంటి చిన్న మాటకి ఎవరు తీస్తారు? ఓ పాత ఇంగ్లిష్ వ్యాసంలో ‘నైస్ డిస్టింక్షన్’ అని ఉంటే ‘మంచి భేదం’ అని రాసి అచ్చుకు పంపేశాను. ఆ రచయిత చెప్పింది వెంట్రుకవాసి తేడా గురించి. పేరా అంతా ఆ సన్నదనం మీదే నిలబడి ఉంది. పుస్తకం చేతికొచ్చాక గానీ తప్పు తెలిసిరాలేదు. చాలా రోజులు బాధపడ్డాను.

ఆ బాధతోనే మాట మూలం వెతుక్కున్నాను. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే ఏమీ తెలియనివాడు. ‘స్కీరె’ అంటే తెలియడం, ముందున్న ‘నె’ దాన్ని కాదంటుంది. సైన్స్ పుట్టింది కూడా ఆ ‘స్కీరె’ నుంచే! ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి వచ్చేనాటికి నైస్ అంటే తెలివితక్కువ. ఆనాటి ఇంగ్లిష్ కవి చాసర్ అలాగే వాడాడు. తర్వాత బిడియం, నాజూకు, పట్టింపు, సూక్ష్మం అంటూ జరిగి జరిగి 18వ శతాబ్దంలో ‘బాగుంది’ దగ్గరికి చేరింది. జేన్ ఆస్టెన్ పోయిన 1817 చివర్లో వెలువడిన ఆవిడ నవల ‘నార్తాంగర్ అబ్బే’లో కథానాయిక కాథరిన్ ఒక నవలని నైస్ అని మెచ్చుకుంటే, పొందిక అంటావా, అది బైండింగుని బట్టి ఉంటుందని హెన్రీ టిల్నీ ఆటపట్టిస్తాడు.

తిట్టు మెచ్చుకోలు ఎలా అయిందా అని ఆలోచిస్తే మన ‘ముగ్ధ’ గుర్తొచ్చింది. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువు నుంచే మోహమూ, మూఢుడూ, ముగ్ధా వచ్చాయి. ముగ్ధ అంటే మొదట తెలివి తప్పినది. ఆ తెలియనితనమే రానురాను అందమైపోయి, ఇవాళ ‘ముగ్ధమనోహరం’ అంటే మురిసిపోతాం. మూఢుడు పాపం అక్కడే ఉండిపోయాడు.

మొన్న బియ్యం పట్టించడానికి మరకి వెళ్లాను. “జంతికలకి బాబూ, నైస్‌గా ఆడించు” అంది నా ముందున్నావిడ. నేను పేరాలో జారవిడుచుకున్న అర్థాన్ని ఆవిడ అంత మామూలుగా అనేసింది. మర అబ్బాయి గొట్టం కింద నుంచి చిటికెడు పిండి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశాడు. ఇంకా బరకగానే ఉందట. మర కాస్త బిగించి, మళ్లీ చిటికెడు తీశాడు.