డ్రైవర్ పక్క సీటు

కార్ల రేసు టీవీలో చూడటం విసుగు అనేవాళ్లకు నేనిచ్చే మందు ఒక్కటే: 1990 మొనాకో ఫార్ములా వన్ రేసుకి అయర్టన్ సెన్నా క్వాలిఫయింగ్ ల్యాప్. కెమెరా కారులోనే ఉంది. బొమ్మ ఏమంత బాగుండదు, ఊగిపోతుంటుంది. ఆయన కుడిచెయ్యి మాత్రం చూడండి. ఆ మెక్‌లారెన్ కారులో గేర్లు ఇంకా చేత్తోనే వెయ్యాలి. ఇటూ అటూ గోడలు, స్టీరింగ్ మీద ఎడమచెయ్యి ఒక్కటే. కుడిచెయ్యి గేర్ రాడ్ మీదికి వెళ్లి, పని కానిచ్చుకుని, మలుపు అందుకునేలోపు తిరిగొస్తుంది. వెంటనే మళ్లీ వెళ్తుంది. ట్రాక్ పక్కన వంద కెమెరాలు నిలబెట్టినా ఈ సంగతి తెలియదు.

కారులో కెమెరా పెట్టే ఈ విద్యలో ముందు చెయ్యి తిరిగినవాళ్లు ఆస్ట్రేలియాలోని ఛానెల్ సెవెన్ ఇంజనీర్లు. 1979 బాథర్స్ట్ రేసులో పీటర్ విలియమ్సన్ నడిపిన టొయోటా సెలికాలో కెమెరా బిగించారు. కొండ మీది ట్రాక్ కాబట్టి, కారు నుంచి వచ్చే సిగ్నల్‌ని పైన తిరిగే హెలికాప్టర్ అందుకుని కిందికి పంపేది. విలియమ్సన్ రేసులో కారు నడుపుతూనే కామెంటేటర్లతో కబుర్లాడాడు! ఫార్ములా వన్‌కి ఆ ముచ్చట 1985లో తీరింది. నూర్‌బుర్గ్‌రింగ్‌లో రెనో జట్టు కెమెరాతో మూడో కారు దింపింది. క్లచ్ పోయి అది తొందరగానే ఆగిపోయింది. 1998 నుంచి అన్ని కార్లకీ కెమెరాలు తప్పనిసరి.

ఇప్పుడు ఎక్కువగా చూపించేది డ్రైవర్ తల వెనక, ఎత్తులో ఉండే కెమెరా బొమ్మ. శుభ్రంగా, కుదురుగా ఉంటుంది. నా ఫిర్యాదూ అదే. కన్ను పైకి లేచేకొద్దీ నేల నెమ్మదిగా కదిలినట్టుంటుంది, వేగం చచ్చిపోతుంది. 2023 నుంచి ఫార్ములా వన్ డ్రైవర్లందరి హెల్మెట్లలో, కంటి పక్కనే, 8 మిల్లీమీటర్ల బుల్లి కెమెరా వచ్చాక ప్రాణం లేచొచ్చింది. తల అదురుతుంది, అద్దాలు సరిగా కనబడవు, ముందున్న మలుపు సగమే తెలుస్తుంది. పాపం, వాళ్లు చూసేది అంతే మరి.

అదే ఏడాది ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసు జరిగినప్పుడు మన హుస్సేన్ సాగర్ ఒడ్డు రోడ్డునీ కారులోంచి చూశాం. (ట్రాఫిక్ తంటాలు పడ్డవాళ్ల సంగతి వేరు.) ఎప్పుడూ షికారుకెళ్లే దారే, కాంక్రీటు గోడల మధ్య సందులా మారిపోయింది. సాగర్ వైపు చూపు పోతే ఒట్టు.

ప్రసారం చేసేవాళ్లకి ఒక్కటే విన్నపం. కారులోకి ఎక్కించిన ఐదు సెకన్లకే దింపేయకండి. రేసుకి ఒక్క ల్యాపయినా పూర్తిగా, కామెంటరీ కూడా ఆపి, చూపించండి.