సంతకం పెట్టని దొంగ

1988లో వచ్చిన 'మపంత్సులా' మన దక్షిణాఫ్రికాలో తీసిన నేరకథా చిత్రము. దర్శకుడు ఆలివర్ ష్మిట్జ్. ఆయనతో కలిసి కథ వ్రాసిన థామస్ మొగొట్లానేయే కథానాయకుడు ప్యానిక్‌గా నటించినాడు. వర్ణవివక్ష ప్రభుత్వం అడ్డుపడకుండా, దీనిని వట్టి దొంగల కథ అని చెప్పి తీసినారు.

ప్యానిక్ జోహానెస్‌బర్గ్‌లో జేబులు కొట్టేవాడు. సోకైన బట్టలు, సొంత లాభం తప్ప అతనికి వేరే చింత లేదు. అటువంటివాడు ఉద్యమకారులున్న జైలుగదిలో పడతాడు.

దర్శకుని పద్ధతిని ఇక్కడే గమనించాలి. జైలును, గతాన్ని మార్చి మార్చి చూపిస్తాడు. దొంగను వీరుణ్ణి చేయడు. అతనిపై జాలిపడమని మనలను అడగడు. అందుచేతనే అతనిలోని మార్పు నమ్మదగినట్లున్నది. తెల్లవారి యింట పనిచేసే ప్రియురాలు ప్యాట్ కథను మాత్రం ఇంకా చెప్పవలసింది.

పోలీసు అధికారి స్టాండర్ కోరేది ఒక్క సంతకం. కార్మిక నాయకుడు దుమాకు వ్యతిరేకంగా వాంగ్మూలం అది. ఎవరికీ మేలు చేయని ప్యానిక్ చివరకు "పెట్టను" అంటాడు.

1860 నుండి 1911 వరకు నాటాలుకు వచ్చిన మన పెద్దలలో ఎందరో తాము చదవలేని ఒప్పందానికి ఒప్పుకొన్నారు. కాగితం మనిషిని ఎట్లా కట్టివేస్తుందో వారి మనుమలకు వేరే చెప్పనక్కరలేదు. పెద్ద తరగతుల పిల్లలకు ఈ చిత్రం చూపి, ఆ ఒక్క మాట గురించి మాట్లాడించండి.