ముందున్న ప్రింట్ ఎవరిది?

ప్రింట్ రాకపోతే అందరూ చేసే పని ఒకటే, మళ్లీ ప్రింట్ నొక్కడం. అప్పటికీ రాకపోతే ఇంకోసారి నొక్కడం. ఆఫీసు కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగంలో ఏళ్లుగా ఉన్నాను. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. కాగితాలు వృథా అయితే అయ్యాయి, అసలు తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాలు ఆ ప్రింట్ల గుంపులో కలిసిపోతుంది.

"అన్నా, ప్రింటర్ పాడైంది" అని ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే చాలాసార్లు ప్రింటర్ నిక్షేపంగా ఉంటుంది. క్యూలో ముందున్న ప్రింట్ కదలదు, వెనకవన్నీ నిలబడిపోతాయి. అందుకే నేను మొదట కనుక్కునేది, ఆ ముందున్నది ఎవరిది, దానికేం కావాలి అని.

చాలాసార్లు దానికి కావలసింది వేరే సైజు కాగితం. మన ట్రేల్లో ఉండేది ఏ4, అంటే 210 × 297 మిల్లీమీటర్లు. అమెరికా కంపెనీ పంపిన ఇన్‌వాయిసో, సెట్టింగ్ మార్చని వర్డ్ ఫైలో లెటర్ సైజు అడుగుతుంది. అది 216 × 279. ట్రేలో ఆ కాగితం లేదు కాబట్టి ప్రింటర్ ఆగి, తన చిన్న తెర మీద లెటర్ పేపర్ పెట్టమని చూపిస్తూ ఉంటుంది. అందరూ సీట్లలో కూర్చుని కంప్యూటర్ వంకే చూస్తుంటారు గానీ ఆ తెర చదివేవాళ్లు ఉండరు. దగ్గరికెళ్లి ఓకే నొక్కితే వెనక ఆగినవన్నీ వరసగా వచ్చేస్తాయి.

చిన్న ఆఫీసుల్లో ఇంకో చిక్కుంది. ప్రింట్ సర్వర్ ఉండదు, ప్రతి కంప్యూటరూ నేరుగా ప్రింటర్‌కే పంపుతుంది, సాధారణంగా 9100 పోర్టు మీద. అప్పుడు ఎవరి క్యూ వాళ్లదే. నా తెర మీద నా ప్రింట్ ఒక్కటే ఉంటుంది, అదీ 'ప్రింటింగ్' అంటూ. అడ్డం పడింది పక్క గదిలో ఎవరో పంపిన బొమ్మల పీడీఎఫ్ కావచ్చు. ఈ సంగతి నా కంప్యూటర్‌కు తెలియదు. కాబట్టి లేచి వెళ్లి "ఎవరైనా పెద్ద ఫైలు పంపారా?" అని అడగాల్సిందే. ఈ పనిలో సగం మనుషుల్ని అడగడమే.

క్యాన్సిల్ చేసినా పోకుండా 'డిలీటింగ్' అని అలాగే ఉండిపోతే అప్పుడు క్యూను నడిపే విండోస్ సర్వీసు, అంటే స్పూలర్ దగ్గరికి వెళ్లాలి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. స్పూలర్ సర్వీసు ఆపేసి, విండోస్ సిస్టమ్32లోని స్పూల్‌లో ఉన్న ప్రింటర్స్ ఫోల్డర్ మొత్తం ఖాళీ చేసేస్తారు. క్యూ శుభ్రపడుతుంది, నిజమే. కానీ సర్వర్ మీద ఈ పని చేస్తే అకౌంట్స్ మేడమ్ పంపిన జీతాల స్లిప్పులూ పోతాయి, ఆ సంగతి ఆవిడకు సాయంత్రం దాకా తెలియదు. ఫోల్డర్ ముట్టుకోకుండా ముందు సర్వీసు ఒక్కటే ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఆగిన ప్రింట్లు ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లలోనే ఉంటాయి కాబట్టి మళ్లీ క్యూలోకి వస్తాయి. అప్పటికీ కదలకపోతే సర్వీసు ఆపి, ఆ ఫోల్డర్‌లో అన్నిటికన్నా పాత ఫైళ్ల జత చూడండి. ఒక్కో ప్రింట్‌కు ఒకే నంబరుతో రెండు ఫైళ్లుంటాయి. ఎస్‌పీఎల్‌లో ప్రింట్ కావలసిన సరుకు, ఎస్‌హెచ్‌డీలో ఎవరిది, ఏ ప్రింటర్‌కు లాంటి వివరాలు. ముందు ఆ జత ఒక్కటే తీసి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టి చూడండి.

తీసిన ఫైలు తెలుగు పీడీఎఫ్ అయితే మళ్లీ పంపేటప్పుడు 'ప్రింట్ యాజ్ ఇమేజ్' పెట్టి పంపమంటాను. కొన్ని ఫాంట్లు డ్రైవర్‌కు కొరుకుడు పడవు. ఇలా పంపితే ఆలస్యమవుతుంది గానీ అక్షరాల చోట డబ్బాలు రావు.

ఇక 'ఆఫ్‌లైన్'. ఎండాకాలం కరెంటు పోయి వచ్చాక ఈ ఫోన్లు ఎక్కువ. రౌటర్ మళ్లీ మొదలై ప్రింటర్‌కు కొత్త ఐపీ అడ్రస్ ఇస్తుంది, కంప్యూటర్లేమో పాతదానికే పంపుతుంటాయి. పాత అడ్రస్‌కు పింగ్ చేస్తే జవాబు వచ్చినంత మాత్రాన అది ప్రింటరేనని నమ్మకండి. ఆ అడ్రస్ ఈలోగా ఎవరి ఫోన్‌కో దక్కి ఉండొచ్చు. బ్రౌజర్‌లో ఆ నంబరు కొట్టి ప్రింటర్ పేజీ వస్తుందో లేదో చూడాలి. రౌటర్‌లో ప్రింటర్ పేరిట ఒక అడ్రస్ రిజర్వ్ చేస్తే ఈ బాధ ఉండదు. కొత్త ప్రింటర్ పెట్టిన రోజే ఆ పని చేయకపోవడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యం.

స్పూలర్ మాట వచ్చింది కాబట్టి 2021లో బయటపడ్డ 'ప్రింట్‌నైట్‌మేర్' సంగతీ చెప్పాలి. స్పూలర్‌లోని లోపం ద్వారా బయటివాళ్లు కంప్యూటర్ మీద పూర్తి అధికారం సంపాదించగలిగేవారు. ఆ ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత షేర్డ్ ప్రింటర్లు చాలాచోట్ల 0x0000011బీ అనే ఎర్రర్‌తో ఆగిపోయాయి. ప్రింట్ రావాలని కొందరు అప్‌డేట్‌నే తీసేశారు. అది తప్పు. ప్రింట్ పంపే కంప్యూటర్‌నూ, ప్రింటర్ షేర్ చేసే కంప్యూటర్‌నూ రెండిటినీ అప్‌డేట్ చేయాలి. ప్రింటింగ్ అవసరం లేని సర్వర్‌లో స్పూలర్ ఆపేయాలి.

మీ ఆఫీసు ప్రింటర్ మీద దాని ఐపీ అడ్రస్, చూసుకునే మనిషి నంబరు రాసి ఒక స్టిక్కర్ అంటించండి. ప్రింట్ రాకపోతే రెండోసారి నొక్కే ముందు ఒక్కసారి క్యూ తెరవండి, ప్రింటర్ దగ్గరికి నడిచి దాని తెర చదవండి. ఎవరి ప్రింటైనా తీసేయాల్సి వస్తే ముందు వాళ్లకు ఒక మాట చెప్పండి.