బొమ్మల భీముడు – మన యిండ్ల తెలుగు

"ఛోటా భీమ్" బొమ్మల కథలను అంతర్జాలమున నెచ్చట చూపవలెనను ప్రశ్న మన సంఘమునందలి తల్లులు తరచుగా నడుగునది. దీనిని చిన్న ప్రశ్నగా నెంచి త్రోసివేయరాదు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదివి, వీధిలో నా భాషనే పలికి, యింటికి వచ్చు బాలునికి తెలుగు వినబడు గడియలు మిక్కిలి కొద్ది. ఆ కొద్దిలోను కొంత భాగమును తెర యాక్రమించుకొనుచున్నది. కావున నెచ్చట చూపవలెననుట, ఏ భాషలో చూపవలెననుటయే యగుచున్నది.

ముందు కృతి విషయము. హైదరాబాదున రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దీనిని నిర్మించినది. 2008లో పోగో టెలివిజను వాహినిలో నిది యారంభమైనది. భీముడను పేరు విని భారతకథ యని భ్రమపడువారు నేటికిని కలరు. ఆదిపర్వమునందలి బాలభీముడు చెట్టెక్కిన కౌరవులను చెట్టు నూపి రాల్చినవాడు, విషాన్నము తిని గంగలో త్రోయబడినవాడు. ఢోలక్‌పూర్ భీముడన్ననో ఇంద్రవర్మ యను రాజు నేలుబడిలోని యొక సామాన్యపు పల్లె బాలుడు. చుట్కీ, రాజు, జగ్గు అను కోతి యితని నేస్తులు. కాలియా యితనిపై నసూయపడువాడు. ఢోలు, భోలు అను కవలలు కాలియాకు వందిమాగధులు. ఇతిహాసమునుండి గ్రహింపబడినవి బలమును, ఆకలియు మాత్రమే. దీనిని నేను దోషముగా నెంచను. భారతభీముని బలమున క్రోధము కలసియున్నది. అయిదేండ్ల శిశువునకు దాని నట్లే యందించుట తగదు.

దోషము కథ నడుపు తీరులో నున్నది. కష్టము వచ్చుట, లడ్డు తినుట, బలము పుట్టుట, ఎదిరి నేలగూలుట – పెక్కు కథలీ బాటనే నడచును. పాలకూర తిని పహిల్వానగు పొపాయి యను నావికుని పద్ధతియే యిది. లడ్డు మన వంటింటి పదార్థమగుటచే ఆత్మీయముగా దోచును గాని, చూచువాని బుద్ధికి పని తక్కువ. చుట్కీని తెలివిగల పిల్లగా చిత్రించియు, చిక్కు విప్పు భాగ్యమును తరచుగా భీముని పిడికిలికే విడిచినారు. హిందీ యెరిగిన చెవికి నలుపును స్ఫురింపజేయు పేరును ఓడిపోవువానికి పెట్టుట కూడ నాకు రుచింపలేదు. పిల్లలు పేర్లను తెరమీదనే విడిచిపెట్టరు, బడికి గొనిపోవుదురు.

తెలుగు నగరమున పుట్టిన యీ బాలునికి హిందీ పేరేల? "చిట్టి భీముడు" అన్నచో కొరత యేమి? దేశమంతట చెల్లుబడి కావలెనను వ్యాపారనీతి తెలియనిది కాదు. అయినను ప్రశ్న మిగిలియే యున్నది. పోగో వాహిని తెలుగు మాటలతోను ప్రసారమైనది. యూట్యూబునను తెలుగు మాటలు కూర్చిన కథలు దొరకుచున్నవి. ఈ తెలుగు చెడ్డది కాదు, కాని పొడిగా నుండును. బొమ్మ పెదవులకు సరిపడునట్లు మాట నమర్పవలసి యుండుటచే వాక్యము తునిగిపోవును. సామెత యరుదు, వావివరుసల పిలుపు మరియు నరుదు. షోలాపురపు పద్మశాలీల తెలుగుకును, బరంపురపు తెలుగుకును, హోసూరు తెలుగుకును గల జీవమైన తేడాలు దీనిలో వెదకినను కానరావు. అయినను, హిందీలో చూచుటకంటె నిది మేలనుటలో సందేహము లేదు.

యూట్యూబున వెదకునప్పుడు పేరును తెలుగు లిపిలో వ్రాసి వెదకుడు. నిర్మాణసంస్థవారి సొంత వాహినియో కాదో చూచుకొనుడు. పిల్లలకు పరిచితమైన బొమ్మలను వాడుకొని, వారు చూడరాని దృశ్యములు కల్పించి వదలిన నకలు చిత్రములు 2017లో లోకమంతట గగ్గోలు పుట్టించినవి. ఒక కథ ముగియగానే మరొకటి దానంతటదే మొదలగు నేర్పాటును కట్టివేయుట మరవకుడు. తెలుగులో ఆరంభించిన పిల్లవాడు మూడవ కథకు హిందీలో తేలుట దానివలననే.

ఇక నెట్‌ఫ్లిక్సున 2019లో వెలువడిన "మైటీ లిటిల్ భీమ్" సంగతి. నిర్మాతలు వారే, భీముడు మాత్రము ప్రాకులాడు పసివాడు. దీనిలో సంభాషణలు లేవు. కేరింతలును, చప్పుళ్లును, సంగీతమును గలవు. నా దృష్టిలో మూలకృతికంటె నిది మెరుగైన రచన. మాట లేనందున ప్రతి భావమును చూపులోను, నడకలోను తేల్చవలసి వచ్చినది. శత్రుసంహారము తగ్గి, లడ్డుకై చేయు పసితనపు టెత్తులు ముందుకు వచ్చినవి. చందా చెల్లింపవలసి యుండుట దీని కొరత.

మనవంటివారికి దీనియం దొక విశేష ప్రయోజనము కలదు. మాటలు లేని బొమ్మకు మాటలు కూర్చువారు ప్రక్కన కూర్చున్న నాయనమ్మయో, అమ్మమ్మయో కావచ్చును. "అడుగో, ఉట్టి మీది కెగబ్రాకుచున్నాడు" అని ఆమె తన యూరి తెలుగులో చెప్పినచో, ఆ కథ యా యింటి తెలుగు కథయే. అయితే పిల్లవాని నొంటరిగా తెరముందు కూర్చుండబెట్టినచో నీ మౌనము వట్టి మౌనమే. అట్టి యింటికి తెలుగు మాటలు గల యూట్యూబు కథలే నయము.

ఇందు పండుగల ప్రత్యేక భాగములును కలవు: 2019లో దీపావళి, 2020లో హోలీ, 2021లో గాలిపటముల పండుగ. సంక్రాంతికి గాలిపటము హైదరాబాదున పరిచితమే గాని, మనలో పెక్కు కుటుంబములకు సంక్రాంతి యనగా గొబ్బెమ్మలును, భోగిమంటలును, బొమ్మలకొలువును. ఈ చిత్రమునం దవి ముఖ్యములు కావు. వానిని గూర్చి చెప్పుటకు చిత్రమును నడుమ నాపు మీట యొకటి తెరమీదనే యున్నది.